సుప్తం: చూడుడు జాగృతం

ఒక్క మాట అనేస్తే అందరూ దోశలు తినేవాళ్లు. ఆ ఒక్క మాటా ఓబుళేశు అనడం లేదు.

"అర్థమైందా, లేదా?" హాల్లోంచి చంద్రమోహన్ గొంతు మళ్లీ వినిపించింది.

"కాలేదన్నా."

"ఇంకోసారి చదువుతా. శ్రద్ధగా విను. 'సమకాలీకరణ అనగా స్థానిక దత్తాంశమునకును, కేంద్రీయ దత్తాంశమునకును నడుమ ఏకరూపతను సాధించు ప్రక్రియ.' ఇప్పుడు?"

"దత్తాంశమంటే ఏందన్నా?"

"అది వేరే పేజీలో ఉండాది. ఈ పేజీలో ఉన్నప్పుడు ఈ పేజీ ప్రశ్నలే అడగాల."

వంటింట్లో రాజేశ్వరి పెనం మీద దోశ తిరగేసింది. కారం పూసిన దోశలు అప్పటికే పళ్లెంలో దొంతరగా చేరి, మెత్తబడి, ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. మొగుడు ఓబుళేశు మొండితనం ఆమెకు కొత్త కాదు గానీ, ఆకలి ముందు కూడా లొంగని మొండితనం చూడటం ఇదే మొదలు.

"నాకు అర్థమైంది నాయనా," అనింది అత్త లక్ష్మీదేవమ్మ పీట మీద నుంచి. "శానా బాగుండాది. మీ నాయన ఉంటే సంతోషపడేటోడు. ఇంగ తిందాం పా."

"నాకూ అర్థమైందండీ," అనింది చంద్రమోహన్ భార్య శివలీల, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

"చూసినావా? అమ్మకు అర్థమైంది. మీ వదినకు అర్థమైంది. నీకే ఏం వచ్చింది?"

"అర్థం కాకుండా అయిందని ఎట్లంటాన్నా?"

"నిన్ను అర్థం చేసుకోమని ఎవరన్నారురా? అర్థమైందా అని అడుగుతాండా. అంతే గదా!"

చంద్రమోహన్ ఆ ఇంటికి పెద్దకొడుకు, రాజేశ్వరికి బావగారు. చేనేతవాళ్ల బాగోగులు చూసే ఒక ప్రభుత్వ విభాగంలో, కడపలో, పెద్ద అధికారి. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న వంశంలో పుట్టి, రోలింగ్ కుర్చీ దాకా ఎదిగినవాడు. అలాంటివాడు పొద్దున్నే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మాటలకు అర్థాలు చదువుతున్నాడంటే దాని వెనక రాష్ట్రం మొత్తానికి సంబంధించిన పెద్ద కార్యం ఉంది.

నేతపనివాళ్ల కోసం సర్కారు 'మగ్గజ్యోతి' అని ఒక యాప్ తెచ్చింది. సబ్సిడీ నూలు కావాలన్నా, పింఛను కావాలన్నా ఇక ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదు. యాప్ చుట్టూ తిరిగితే చాలు. అయితే అందులో సింక్, టోకెన్, డాష్‌బోర్డ్, వ్యాలిడేషన్ అనే మాటలున్నాయనీ, అవి తమకు తెలియడం లేదనీ నేతవాళ్లు మొరపెట్టుకున్నారు. సర్కారు వెంటనే కదిలింది. యాప్‌లోని సహాయం పేజీల్లో ప్రతి కొత్త మాటనూ విడమరచి చెప్పడానికి 'పదవివరణ సంఘం' వేసి, దానికి చంద్రమోహన్‌ను అధ్యక్షుడిని చేసింది. "ఇకపై ఏ నేతన్నా ఏ మాట దగ్గరా ఆగిపోడు" అని ఆయన అన్నట్టు ఫోటోతో సహా పేపర్లో పడింది. ఇంగ్లీషు పేపర్లో కూడా పడింది. ఇంగ్లీషులో పడ్డాక ఇంక అది నిజం కాకుండా పోయే వీల్లేదు.

రాసిన అర్థాలను మామూలు జనం మీద పరీక్షించాలని నిబంధన. మామూలు జనం కోసం ఎక్కడెక్కడో తిరిగి సర్కారు డీజిలు తగలెయ్యడం ఇష్టం లేక ఆయన ఇంట్లోవాళ్లనే జనంగా తీసుకున్నాడు. అంత నిజాయితీ గల మనిషి.

"సరే," అన్నాడు చంద్రమోహన్ చివరికి. ట్యాబ్లో ఏదో నొక్కి, "ఫలితం: నూటికి నూరు. అందరికీ అర్థమైంది," అని గట్టిగా చదివాడు.

"నేను కాలేదన్నా గదన్నా?"

"నిన్ను గైరుహాజరు వేసినా. దోశ తిను."

* * *

రాజంపేట చుట్టుపక్కల ఉన్న నేత ఊళ్లలో వాళ్లదొకటి. మిద్దె పైన చంద్రమోహన్ సంసారం, కింద ఓబుళేశు సంసారం, వీధి వైపు గదిలో గుంత మగ్గం. ఓబుళేశు నేస్తాడు, రాజేశ్వరి రాట్నం తిప్పి కండెలు చుడుతుంది. పొయ్యి మీద పప్పు ఉడికే లోపల ఎన్ని కండెలు చుట్టొచ్చో ఆమె చేతికి తెలుసు.

ఆ నెల వాళ్ల ఇల్లంతా ఒకే ఆర్డర్ మీద నిలబడి ఉంది. రాజంపేటలో చీరల షాపు కాశన్న పెళ్లిళ్ల కోసం మంచి నూలు చీరలు అడిగాడు. ముహూర్తాలు మొదలయ్యే లోపల అందిస్తే ఏడాది పొడుగునా వీళ్ల దగ్గరే కొంటానన్నాడు. అందకపోతే పవర్‌లూమ్ చీరలు దించుకుంటానని కూడా, నవ్వుతూనే, అన్నాడు. పడుగు మగ్గం మీద ఎక్కింది. పేకకు కావలసిన నూలు డిపో నుంచి రావాలి. డిపో ఇవ్వాలంటే యాప్ ఒప్పుకోవాలి.

యాప్ ఒప్పుకోవడానికి 'ధ్రువీకరణ' అనే ముచ్చట ఉంది. మగ్గం నిజంగా ఆడుతోందో, ఉత్తినే నూలు తీసుకుని అమ్ముకుంటున్నారో తేల్చడానికి నెలకొకరోజు ప్రతి నేతగాడూ మగ్గంలో కూర్చుని నేస్తూ ఉన్న ఫోటో యాప్‌లోకి ఎక్కించాలి. ఆ రోజు ఏదై ఉండాలని పై ఆఫీసులో పెద్ద చర్చ జరిగిందట. అమరావతి నుంచి వచ్చిన అధికారులకు నేతవాళ్ల అలవాట్లు తెలియవు. అప్పుడు చంద్రమోహన్ లేచి, తాను నేతబిడ్డననీ, తనకు వాళ్ల పంచాంగమంతా తెలుసుననీ చెప్పి, అమావాస్య అయితే బాగుంటుందన్నాడు. ఆ రోజు ఒక్క నేతగాడు కూడా సంతకో, షాపుకో పోడు. అందరూ ఇళ్ల దగ్గరే దొరుకుతారు. క్షేత్రస్థాయి అవగాహన అంటే ఇదని అధికారులు చప్పట్లు కొట్టారు.

అమావాస్య వచ్చింది. ఊళ్లో ఒక్క మగ్గమూ ఆడలేదు. ఓబుళేశు తలంటుకున్నాడు. మగ్గానికి పసుపు కుంకుమలు పెట్టి, టెంకాయ కొట్టి, పక్కన నిలబడి చేతులు జోడించాడు. రాజేశ్వరి ఫోటో తీసి ఎక్కించింది. ఫోటో చాలా బాగా వచ్చింది.

మర్నాడు యాప్‌లో పసుపుపచ్చగా ఒక గీత కనిపించింది. 'మగ్గం స్థితి: సుప్తం. నూలు కేటాయింపు: నిలుపుదల. వివరాలకు సహాయం చూడుడు.'

వీధి వీధంతా సుప్తమే. చౌడమ్మ గుడి దగ్గర నేతవాళ్లు గుంపుగా నిలబడి ఒకరి ఫోన్లోకి ఒకరు తొంగి చూసుకున్నారు.

సాయంత్రం చంద్రమోహన్ ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే లక్ష్మీదేవమ్మ ఎదురు వచ్చింది.

"అమాసనాడు గుంతలో కాలు పెట్టరని నీకు తెలీదా నాయనా? నీ ముడ్డి కడిగినప్పటి నుంచి చూస్తాండావు గదా?"

"తెలుసమ్మా."

"తెలిసి ఎట్ల పెట్టించినావు?"

"తెలుసు కాబట్టే పెట్టించినా. అందరూ ఇంట్లో ఉంటారని."

"ఇంట్లో ఉంటారు, సరే. మగ్గం?"

చంద్రమోహన్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఆ కోణం మా సమావేశంలో రాలేదు," అన్నాడు.

"అన్నా, తప్పు జరిగింది గదా, సరిచేయించు," అన్నాడు ఓబుళేశు.

"యాప్ నా చేతిలో లేదురా. మాటలొక్కటే నా చేతిలో ఉండాయి. ఆ సుప్తం అనే మాట నేను పెట్టిందే. ముందు 'ఇనాక్టివ్' అని ఉండె. ఎంత మోటుగా ఉండెనో! ఇప్పుడు చూడు, ఎంత గౌరవంగా ఉండాదో."

* * *

రాజేశ్వరి ఇంటర్ దాకా చదివింది. చదివినామె కాబట్టి సహాయం పేజీ తెరిచి చూసింది.

'సుప్తం: జాగృతం కాని స్థితి. చూడుడు: జాగృతం.'

ఆమె జాగృతం చూసింది.

'జాగృతం: సుప్తం కాని స్థితి. చూడుడు: సుప్తం.'

రాట్నం పక్కన కూర్చుని ఆమె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు రెండు మూడు విడతలు తిరిగింది. తర్వాత మిద్దెక్కి బావగారినే అడిగింది. కాగితాలు చూసుకుంటున్న చంద్రమోహన్ కళ్లజోడు తీసి, "శానా మంచి ప్రశ్నమ్మా," అన్నాడు. "కానీ ఇట్ల మెట్లెక్కి అడిగితే నేను జవాబు చెప్పకూడదు. బంధుప్రీతి అంటారు. హెల్ప్‌లైన్ ఉండాది. దాని ద్వారా రావాల."

ఆమె కిందికి వచ్చి, వంటింట్లో నిలబడి హెల్ప్‌లైన్‌కు చేసింది. వీణ వాయిద్యం వినిపించింది. మీ పిలుపు మాకు అమూల్యమని ఒక అమ్మాయి చెప్పింది. ఆ తర్వాత ఫోన్ మోగడం మొదలైంది. మోత ఫోన్లో ఒకసారి, మిద్దె పైనుంచి ఒకసారి వినిపించింది. సిబ్బందిని ఇంకా తీసుకోలేదు కాబట్టి హెల్ప్‌లైన్‌ను అధ్యక్షుడి సెల్లుకే తిప్పారు.

"నమస్కారం. మగ్గజ్యోతి పదసహాయ కేంద్రానికి స్వాగతం. చెప్పండమ్మా."

"బావా, నేను రాజేశ్వరిని."

"రాజేశ్వరిగారూ, ధన్యవాదాలు. ఎక్కడ నుంచి మాట్లాడుతున్నారు?"

"వంటింట్లో నుంచి."

"మండలం?"

"బావా, సుప్తమంటే ఏందో చెప్పు చాలు. నూలు ఆగిపోయింది. కాశన్న రోజూ ఫోన్ చేస్తాండాడు."

"తప్పకుండా. సుప్తం అనగా జాగృతం కాని స్థితి."

"జాగృతమంటే?"

"సుప్తం కాని స్థితి. మీకింకేమైనా సహాయం కావాలా?"

"మగ్గాన్ని ఎట్ల లేపాల?"

"అది పని గురించిన ప్రశ్నమ్మా. మేము మాటల విభాగం. మీ సమస్య తీరినట్లయితే ఒకటి నొక్కండి."

"తీరకపోతే?"

 కాగితాలు తిప్పిన చప్పుడు. "తీరకపోయినా ఒకటే. ఇంకో అంకె ఇంకా పెట్టలేదు."

రాజేశ్వరి ఒకటి నొక్కింది. వెంటనే మిద్దె మీద నుంచి బావగారి గొంతు, ఈసారి ఇంటి గొంతు, వినిపించింది: "అమ్మా రాజేశ్వరీ, కాసింత కాఫీ పంపిస్తావా? ఇప్పుడే ఒక కేసు పరిష్కరించినా, తలనొప్పిగా ఉండాది."

* * *

అయితే చంద్రమోహన్ గుండె లేనివాడు కాడు. వీధి మొత్తం సుప్తమైపోవడం ఆయన్ను కదిలించింది. సహాయం పేజీని ఇంకా స్పష్టం చేయాలని ఆదివారం పూట ఇంట్లోనే సంఘం సమావేశం పెట్టాడు. వచ్చినవాళ్లు ఇద్దరు. రిటైరైన తెలుగు లెక్చరర్ బాలస్వామి, యాప్ తయారుచేసిన కంపెనీ నుంచి మహాదేవి. మహాదేవిది ఆలూరు, ఉద్యోగం బెంగుళూరు. వయసు చిన్నది కాబట్టి ఇంకా తొందరపాటు ఉంది.

రాజేశ్వరి కాఫీ గ్లాసులు పెడుతుంటే మహాదేవి ల్యాప్‌టాప్ తిప్పి చూపిస్తోంది. "సార్, సుప్తం దగ్గర ఇట్ల రాస్తే ఎట్ల ఉంటాదో చూడండి. 'మీరు పంపిన ఫోటోలో మగ్గం ఆడుతున్నట్టు కనబడలేదు. అందుకని నూలు ఆపాం. మగ్గం నేస్తూ ఇంకో ఫోటో పంపండి. వారంలో నూలు ఇస్తాం.' అంతే సార్."

 బాలస్వామి దగ్గాడు.

"ఇది భాషేనా అమ్మా? పాలవాడితో మాట్లాడినట్టుంది. ఇందులో ఒక్క మాటకైనా నిఘంటువు తియ్యాల్సిన పని ఉందా?"

"లేకుండా ఉండాలనే గద సార్ రాసింది?"

"అది కాదు మహాదేవీ," అన్నాడు చంద్రమోహన్ లాలనగా. "'నూలు ఆపాం' అన్నావు. ఆపింది మనమే అని తెలిసిపోతుంది."

"ఆపింది మనమే గద సార్."

"మనమే. అది మనకు తెలిస్తే చాలు. 'వారంలో ఇస్తాం' అన్నావు. అట్ల రాస్తే వారంలో ఇయ్యాల్సొస్తుంది."

"ఇవ్వద్దా సార్?"

"ఇయ్యాలమ్మా. ఇయ్యాల. రాయకూడదు."

అయినా అధ్యక్షుడు ప్రజాస్వామ్యవాది. పరీక్ష లేకుండా దేన్నీ కొట్టిపారెయ్యడు. "రాజేశ్వరీ, ఇది చదివి నీకేం తోచిందో చెప్పు," అని తెర ఆమె వైపు తిప్పాడు.

రాజేశ్వరి నిలబడే చదివింది. "ఓ! ఇంతేనా బావా? ఇప్పుడే పోయి ఆయప్పను గుంతలో కూర్చోబెట్టి ఫోటో తీస్తా. పక్కింటి ఆనందం వాళ్లకు గూడా చెప్తా, వాళ్ల మగ్గమూ నిద్రపోతాంది." ఖాళీ పళ్లెం అక్కడే పెట్టేసి గుమ్మం దాకా వెళ్లింది.

"ఆగమ్మా, ఆగు! యాడికి?" చంద్రమోహన్ కుర్చీలోంచి లేచాడు. "ఫోటో తీసేది యాప్‌లో మళ్లీ అమాసకు గానీ తెరుచుకోదు."

"మరి ఇంకో ఫోటో పంపమని రాసినారు గదా?"

"అది అమ్మాయి రాసింది. సంఘం ఇంకా ఒప్పుకోలేదు."

ఆయన బాలస్వామి వైపు తిరిగాడు.  "చూసినారా మాస్టారూ? ఒక్క మనిషికి అర్థమైతేనే కాఫీ పళ్లెం వదిలేసి వీధిలోకి పోతాంది. ఊరంతటికీ అర్థమైతే రేపు ఆఫీసులో కుర్చీలుంటాయా?"

"ఉండవు," అన్నాడు బాలస్వామి. "స్పష్టత కత్తి లాంటిది. అందరి చేతికీ ఇవ్వరాదు."

సాయంత్రానికి 'నూలు ఆపాం' కాస్తా 'నూలు వితరణ ప్రక్రియ తాత్కాలిక విరామావస్థయందు నిలిచియుండును' అయింది. ఇందులోని మాటలు నేతవాళ్లకు తెలియకపోవచ్చని మహాదేవి అనుమానం వెలిబుచ్చింది. ఆ అనుమానం సమంజసమేనని సంఘం ఏకగ్రీవంగా ఒప్పుకుంది. యాప్‌లోని మాటలకు మొదటి సంపుటం. మొదటి సంపుటంలోని మాటలకు రెండో సంపుటం. రెండోదాన్ని వాడే పద్ధతికి మూడో సంపుటం. ఫోన్ తెరలో ఇంత జ్ఞానం పట్టదు కాబట్టి అచ్చు వేయించాలని కూడా తీర్మానించారు. మహాదేవి సంతకం చేసి, బెంగుళూరు బస్సు ఎక్కింది. మళ్లీ ఏ సమావేశానికీ రాలేదు.

* * *

ఇంట్లో ఉన్న నూలు అయిపోయింది. ఆఖరి కండె, పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టుకుని ఓబుళేశు నెమ్మదిగా, గంటల తరబడి సాగదీస్తున్నట్టుగా నేశాడు. పోగు తెగిపోయాక కూడా కూర్చునే పలక మీద నుంచి లేవలేదు. చీర సగంలో ఉంది. ఇంతవరకూ సుప్తం అని యాప్ ఒక్కటే అంటూ వచ్చింది. ఇప్పుడు మగ్గం కూడా ఒప్పుకుంది.

కాశన్న ఫోన్ చేసి, "ఏమప్పా ఓబుళేశూ, పెళ్లికూతుళ్లను ఆగమని చెప్పాల్నా?" అన్నాడు. అదీ నవ్వుతూనే.

సరిగ్గా ఆ వారంలోనే గ్రంథావిష్కరణకు మంత్రిగారు వస్తున్నారని తెలిసింది. చంద్రమోహన్ స్వయంగా కిందికి దిగి వచ్చి, మగ్గం గదిలో తమ్ముడి పక్కన కూర్చున్నాడు. అట్లా కూర్చుని చాలా ఏళ్లయింది.

"స్టేజీ మీదికి ఒక నేతగాణ్ని పిలుస్తారు. నీ పేరు ఇచ్చినా. మంత్రిగారు 'అర్థమైందా' అని అడుగుతారు. నువ్వు అయిందంటావు. అంటే అక్కడికక్కడ నీ మగ్గం జాగృతం చేసే ఏర్పాటు చేయించినా. పై నుంచి అనుమతి తెచ్చుకున్నా."

ఓబుళేశు పడుగు మీది దుమ్ము దులిపాడు. అన్న పోయాక రాజేశ్వరి అందుకుంది.

"అనేయ్. నోరేమన్నా అరిగిపోతాదా?"

"అబద్ధం గదామే."

"ఆ సగం చీర నిజమే గదా? దానికోసం అను. చీర కట్టుకునే పిల్ల నువ్వు నిజం చెప్పినావా అబద్ధం చెప్పినావా అని అడగదు."

అతను ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వు శానా నేర్చినావు," అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో ఆమెకు తెలియలేదు.

ఫంక్షన్ హాలు నిండిపోయింది. మూడు సంపుటాలనూ పట్టుబట్టలో చుట్టి, ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. మంత్రిగారు ఒక సంపుటం చేతిలోకి తీసుకుని, బరువుకు కొంచెం ఒరిగి, నిలదొక్కుకుని, సామాన్యుడికి జ్ఞానం అందించడం ఇంత భారమైన పని అని ఇప్పుడే తెలిసిందన్నారు. చప్పట్లు. తర్వాత ఓబుళేశును పిలిచారు. బాలస్వామి రెండో సంపుటంలోంచి ఒక వాక్యం రాగయుక్తంగా చదివాడు.

"ఏం నాయనా, అర్థమైందా?" అన్నారు మంత్రిగారు.

రాజేశ్వరి ఆడవాళ్ల వరసలో కూర్చుని కొంగు చివర మెలిపెట్టింది. ఓబుళేశు మైకు వైపు, అన్న వైపు, కింద ఉన్న జనం వైపు చూశాడు.

"అర్థమైంది సార్."

హాలు మోగిపోయింది. చంద్రమోహన్ ట్యాబ్ నొక్కాడు. వెనక పెద్ద తెర మీద పసుపు గీత ఆకుపచ్చగా మారింది: 'మగ్గం స్థితి: జాగృతం.' ఎవరో ఈల వేశారు. అంతటితో అయిపోయేదే. కానీ మంత్రిగారికి ఉత్సాహం వచ్చింది.

"ఏం అర్థమైందో నీ మాటల్లో చెప్పు, అందరూ వింటారు."

ఇది కార్యక్రమంలో లేదు. చంద్రమోహన్ మొహం సున్నం కొట్టినట్టయింది. ఓబుళేశు మైకు దగ్గరికి జరిగాడు.

"నూలు ఇయ్యరని అర్థమైంది సార్."

వరసల్లో జనం మంత్రిగారి మొహం వైపు తిరిగారు. తర్వాత మంత్రిగారు పకపకా నవ్వి ఓబుళేశు భుజం మీద చెయ్యి వేశారు.

"చూశారా! ఇంత పెద్ద గ్రంథాన్ని ఒక్క ముక్కలో ఎట్లా తేల్చేశాడో! ఇలాంటివాళ్లు కదా మనకు కావలసింది! వీధి వీధికీ ఒక పదమిత్రను పెడతాం. ఈ మాటలన్నీ నేతన్నలకు కూర్చోబెట్టి వివరిస్తారు. నెలనెలా జీతం ఇస్తాం. మొట్టమొదటి పదమిత్ర, ఇదిగో, ఈ ఓబుళేశు!"

శాలువా కప్పారు. ఆ శాలువా మిల్లుదని రాజేశ్వరికి అంత దూరం నుంచే తెలిసింది.

* * *

పదమిత్ర ఉత్తర్వు మర్నాడే వచ్చింది. సర్కారు అంత వేగంగా పని చేయడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. వీధి వైపు గది ఒకటి కేంద్రానికి ఇవ్వాలి. సొంత మగ్గం ఉండరాదు. పని ఉన్నవాడికి వివరించే తీరిక ఉండదని సంఘం అభిప్రాయం.

"నాకొద్దు," అన్నాడు ఓబుళేశు. "మగ్గం లేచింది గదా. నూలు తెచ్చుకుంటాం."

ఆకుపచ్చ గీత చూపించడానికి ఇద్దరూ డిపోకు పోయారు. డిపో చూసుకునే దాసన్న వాళ్లకు దూరపు చుట్టం. ఫోన్ చూడకుండానే లోపలికి రమ్మన్నాడు. నూలు పేర్చే అరల్లో కింద నుంచి పై దాకా, నీటుగా, మూడు సంపుటాలూ పేర్చి ఉన్నాయి. కొత్త కాగితం వాసన.

"నూలు యాడ దాసన్నా?" అనింది రాజేశ్వరి.

"లేదమ్మా. ఈ ఏడు నూలుకని వచ్చిన పద్దు పుస్తకాలు అచ్చేసేదానికి పోయింది. నేతన్నల కోసం పెట్టిందే గదా, నేతన్నల కోసమే ఖర్చు పెట్టినామని రాసుకున్నారు."

"మా మగ్గం లేచింది గదా?"

"లేచిందని నాకూ మెసేజి వచ్చింది. లేచినవాళ్లకు ఒక కట్ట ఉచితం. తీస్కపోండి."

అతను మొహమాటంగా ఒక కట్ట దించాడు. ఓబుళేశు చెయ్యి చాపలేదు. రాజేశ్వరి చాపింది. మూడు సంపుటాలనూ కలిపి ఒక చిలప నూలుతో, చుట్ట మొత్తం వాడేసి, గట్టిగా చుట్టి ముడి వేశారు. ఆమె బొటనవేలితో ఆ నూలును రుద్ది చూసింది. మంచి నూలు. మగ్గం మీది చీరకు సరిపోయేదే.

"బరువు గదామే, ఎందుకు?" అన్నాడు ఓబుళేశు.

"నువ్వు రా," అనింది.

ఇంటికి వచ్చి, పుస్తకాలను ఒక పక్కకు పడేసి, ఆమె ఓపికగా ఆ ముళ్లు విప్పింది. చిక్కులు తీసి, రాట్నం మీద కండెలకు చుట్టింది. ఓబుళేశు గుంతలోకి దిగాడు. మధ్యాహ్నమంతా వీధిలో ఆ ఒక్క మగ్గమే ఆడింది. పక్కింటి ఆనందం గుమ్మంలోకి వచ్చి, "ఏమ్మే రాజేశ్వరీ, మీకు నూలొచ్చిందా?" అని అడిగి, కాసేపు మగ్గం చప్పుడు వింటూ నిలబడి వెళ్లిపోయింది. పొద్దు గుంకక ముందే నూలు అయిపోయింది. చీర జానెడు పెరిగింది.

అప్పుడే కాశన్న దగ్గర నుంచి ఒక ఫోటో వచ్చింది. షాపు ముందు ఆటోలోంచి పవర్‌లూమ్ చీరల మూటలు దించుతున్నారు. కింద ఏమీ రాయలేదు.

రాత్రి అన్నానికి అందరూ కింద హాల్లో కూర్చున్నారు. సంగటి, నంజుకోను చెనిక్కాయల ఊరుబిండి. చంద్రమోహన్ మంచి హుషారుగా ఉన్నాడు. జిల్లా మొత్తం మీద జాగృతమైన మగ్గం వాళ్లదొక్కటేననీ, దాని గురించి ఒక పుస్తకం రాయమని పై నుంచి అడిగారనీ చెప్పాడు. శివలీల ఆ పుస్తకం మీద ఇంటి ఫోటో కూడా వస్తుందా అని అడిగింది. లక్ష్మీదేవమ్మ చిన్నకొడుకు పళ్లెం వైపే చూస్తోంది. అతను సంగటి ముద్దను వేళ్లతో చిన్న చిన్న తుంచులు చేస్తున్నాడు, నోట్లో పెట్టుకోవడం లేదు.

"రేపు మగ్గం ఇప్పేస్తాండా," అన్నాడు ఓబుళేశు.

అతను గొంతు పెంచలేదు. ఊరుబిండి వెయ్యమని అడిగినంత మామూలుగా అన్నాడు. అయినా అందరి చేతులూ ఆగాయి.

"ఇప్పేస్తావా? నిన్న లేచిన మగ్గాన్నా?" చంద్రమోహన్‌కు పొలమారింది. నీళ్లు తాగాడు. "ఇప్పేస్తే యాప్‌లో ఏమని చూపించాల్రా? సుప్తం కాదు, జాగృతం కాదు. దానికి మాట లేదే! సంఘం కూర్చోవాల్సొస్తుంది."

"కూర్చోండన్నా."

"సగం చీర ఉండాది గదా నాయనా మగ్గం మీద?" అనింది లక్ష్మీదేవమ్మ. "దాన్నేం చేస్తావు?"

"కోసేస్తా మా."

రాజేశ్వరి తల ఎత్తింది. ఆ మాట ఆమెతో ముందుగా అనలేదు. పగలు ఆమె చుట్టిన కండెలు ఖాళీగా మగ్గం పక్కన గంపలో ఉన్నాయి.

"గుంత పూడ్చేదానికి మట్టి తోలమని చెప్పి వచ్చినా," అన్నాడు ఓబుళేశు. "సోమవారం నుంచి ఆ గదిలో కూర్చుంటా. పదమిత్ర అని బోర్డు వాళ్లే పంపిస్తారంట."

మజ్జిగ పొయ్యమని గ్లాసు భార్య ముందుకు జరిపాడు. ఆమె పోసింది.